తండ్రి బ్రతికే ఉన్నా పిల్లలకు స్పాన్సర్‌షిప్ సాయం అడగవచ్చు



మన డయాలసిస్ విభాగానికి వారానికి మూడు సార్లు వచ్చే సోదరుడు ఒకరున్నారు. ఒకప్పుడు ఆటో నడిపేవారు. రెండు కిడ్నీలూ పాడైన తరువాత ఆటో అమ్మేశారు. ఆయన భార్య ఒక టైలరింగ్ షాపులో పని చేస్తూ ఇల్లు నడుపుతున్నారు. ఒకసారి డయాలసిస్ జరుగుతుండగా, ఏడవ తరగతి చదవవలసిన వాళ్ళ అమ్మాయి బయట బెంచీ మీద తమ్ముడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం చూశాము. బడికి ఎందుకు వెళ్ళలేదమ్మా అని అడిగితే, "నాన్నతో ఎవరో ఒకరు రావాలి కదండీ, అమ్మ వస్తే కూలి పోతుంది" అన్నది. బడి మానేసి అప్పటికి రెండు నెలలు.

ప్రభుత్వ స్పాన్సర్‌షిప్ పథకానికి ఎందుకు దరఖాస్తు చేయలేదని తల్లిని అడిగాము. ఆమె ఆశ్చర్యపోయారు. "అది భర్త పోయినవాళ్ళకు కదండీ? మా ఆయన ఉన్నాడు కదా!" అన్నారు. ఊళ్ళో కూడా ఎవరో అదే మాట చెప్పి పంపేశారట.

ఆ మాట పొరపాటు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 45వ సెక్షనులో స్పాన్సర్‌షిప్ ఎవరికి ఇవ్వవచ్చునో వ్రాసి ఉన్నది. తల్లి వితంతువు అయినా, విడాకులు పొందినా, కుటుంబం ఆమెను వదిలివేసినా. పిల్లలు తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల ఇంట పెరుగుతున్నా. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో బాధపడుతున్నా. ప్రమాదం వలన పిల్లలను సాకలేని స్థితిలో పడినా ఈ సాయం అడగవచ్చు. కాబట్టి మనిషి పోయేవరకు ఆగనక్కరలేదు.

సాయం ఎంత? మిషన్ వాత్సల్య పథకం క్రింద 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ఒక్కొక్క బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. అంతకు ముందు 2,000 ఉండేది. బిడ్డకు 18 సంవత్సరాలు దాటకూడదు. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 రూపాయలు మించకూడదు.

ఇక్కడ ఒక మాట. మన పాఠకులలో చాలామందికి స్పాన్సర్‌షిప్ అనగానే మిషన్ హాస్టళ్ళు, విదేశీ దాతలు, క్రిస్మస్‌కు వ్రాసే ఉత్తరం గుర్తుకు వస్తాయి. ఇది అది కాదు. ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే డబ్బు. కులమతాలతో సంబంధం లేదు. దీని ఉద్దేశమే వేరు. పేదరికం వలన బిడ్డను హాస్టలుకో అనాథాశ్రమానికో పంపకుండా తన ఇంట్లోనే పెంచుకోవాలని. కష్టం రాగానే "పిల్లల్ని ఎక్కడైనా చేర్పించండి అయ్యగారూ" అని మన దగ్గరకు వచ్చేవారు ఎక్కువ. చేర్పించడం కంటే ముందు ఈ దారి చూడాలని మా అభిప్రాయం.

దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. అంత దూరం వెళ్ళలేనివారు అంగన్‌వాడీ టీచరును గాని ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయాన్ని గాని అడగండి. 1098కి ఫోను చేసినా ఎవరిని కలవాలో చెబుతారు. దరఖాస్తుకు రుసుము లేదు. డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మవద్దు. తరువాత వారి మనిషి ఇంటికి వచ్చి పరిస్థితి చూసి నివేదిక వ్రాస్తారు. దానిని చూసి జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది. ఆ రోజు ఇల్లు సర్ది గొప్పగా కనబడాలని చూడకండి, ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

కాగితాల దగ్గరే ఎక్కువమంది ఆగిపోతున్నారు. బిడ్డ జనన ధృవీకరణ పత్రం, బిడ్డకూ తల్లికీ ఆధార్, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్టు, ఆదాయ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు, అవసరమైనచోట మరణ ధృవీకరణ పత్రం లేదా వైద్య పత్రం సిద్ధం చేసుకోవాలి. పేర్లు అన్నిటిలో ఒకటిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. తల్లి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బడి రిజిస్టరులో అత్తింటి ఇంటిపేరు ఉండడం మన ఇళ్ళలో మామూలే. ఆఫీసులో మాత్రం అవి ఇద్దరు మనుషులు.

మేము చెప్పిన ఆ కుటుంబానికి మొదటిసారి దరఖాస్తు తిరిగి వచ్చింది. రెండు కారణాలు. ఒకటి, వారు పెట్టిన ఆదాయ పత్రం ఆయన ఆటో నడిపే రోజులలో తీసుకున్నది. అందులో 1,20,000 అని ఉన్నది. మీసేవలో మరల దరఖాస్తు చేసి, ఇప్పటి ఆదాయంతో తహసీల్దారు కార్యాలయం నుండి కొత్తది తెచ్చుకోవలసి వచ్చింది.

రెండవ తప్పు మాది. డిశ్చార్జి కాగితం మీద మేము వ్రాసినది "సీకేడీ 5, ఎంహెచ్‌డీ" అని మాత్రమే. డాక్టర్లకు అది చాలు. కమిటీలో ఉన్నవారికి అది జబ్బు పేరో, మందు పేరో తెలియదు. మా పొట్టి అక్షరాల వలన ఆ అమ్మాయి మరో మూడు నెలలు బెంచీ మీద కూర్చున్నది. ఆ తరువాత వేరే పత్రం ఇచ్చాము. రెండు కిడ్నీలు పని చేయడం లేదని, జీవితాంతం లేక కిడ్నీ మార్పిడి జరిగేవరకు డయాలసిస్ అవసరమని, ఆటో నడిపే పని చేయలేరని వివరంగా వ్రాశాము. ఈసారి ఇద్దరు పిల్లలకూ మంజూరయింది.

మంజూరైనంత మాత్రాన ప్రతి నెలా ఒకటో తేదీన పడుతుందనుకుని చిట్టీలు కట్టకండి. బడ్జెటు వచ్చినప్పుడు కొన్ని నెలలది కలిపి పడడం మేము చూశాము. అర్హులందరికీ వెంటనే రాకపోవచ్చు కూడా. బిడ్డ బడి మానేస్తే సాయం పునఃపరిశీలనకు వస్తుంది, ఆగిపోవచ్చు. కనుక హాజరు ముఖ్యం. ఆ అమ్మాయి ఇప్పుడు బడికి వెళ్తున్నది. డయాలసిస్‌కు తండ్రితో వాళ్ళ మేనత్త వస్తున్నారు.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని క్యాన్సరు, కిడ్నీ జబ్బు వంటి వాటితో సంపాదించే మనిషి మంచాన పడి ఉంటే, వైద్య పత్రం కొరకు డిశ్చార్జి రోజుననే అడగండి. జబ్బు పేరు పూర్తిగా, ఎప్పటి నుండి ఉన్నదో, పని చేయగలరో లేదో అందులో ఉండాలి. లేకపోతే అక్కడే నిలబడి వ్రాయించుకోండి, మా డాక్టరుగారైనా సరే.