సవర లెక్కలో నడక

కురుపాం సంతలో ఒక సవర పెద్దావిడ దగ్గర కొండచీపుర్లు కొన్నాను. వయసెంతో ఆవిడకి తెలియదు. చీకటి ఉండగానే కొండ దిగి, రెండు గెడ్డలు దాటి వచ్చిందట. పక్కనున్న మనవరాలితో సవరలో మాట్లాడుతోంది, నాతో తెలుగులో బేరమాడుతోంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన వ్యాపారి పలకరించగానే ఒడియాలోకి మారిపోయింది. మూడు కట్టలు, మూడు ధరలు. నేనిచ్చిన నోటు మడిచి కొంగున కట్టుకుంటూనే చిల్లరెంతో చెప్పేసింది.

"ఇంత దూరం నడిచే వస్తావా అమ్మా?" అనడిగాను.

"నడవకపోతే ఎలాగ బాబూ? సంత మా ఊరు రాదు కదా" అంది.

అప్పటికి నేను ఉద్యోగ విరమణ చేసి ఏడాదిన్నర. కుర్చీ, టీవీ, మంచం. తెలిసిన మనిషి ఎదురైతే పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయేది. భయపడి, ఏదో వీడియోలో చూసిన జ్ఞాపకశక్తి మాత్రలు మూడు నెలలు మింగాను. డబ్బు పోయిందే తప్ప ఏ తేడా కనిపించలేదు. ఈ విషయంలో ఎవరి మాట నమ్మాలో నేర్చుకోవడం ఆ తర్వాతే మొదలైంది. వ్యక్తిత్వ వికాసంలో అదీ ఒక పాఠమేనని నా నమ్మకం. ఎవరిమీద, ఎంతమందిమీద, ఎన్నాళ్లు పరీక్షించారో చెప్పేవారిని నమ్మాలి. తమ మాట ఎక్కడి వరకు చెల్లుతుందో కూడా చెప్పేవారిని ఇంకా నమ్మాలి. సీసా చేతిలో పట్టుకుని మాట్లాడేవారి దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముప్పు తగ్గించుకోవడంపై 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో వ్యాయామం చెయ్యమని ఉంది. బి, ఇ విటమిన్లు, మల్టీవిటమిన్ల వంటివి ఈ పనికోసం వాడమని సిఫారసు చెయ్యకూడదనీ ఉంది. ముందే చదివి ఉంటే నా మూడు నెలలు మిగిలేవి.

నడక మెదడుకి ఏం చేస్తుంది? అమెరికాలో కర్క్ ఎరిక్సన్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో 120 మంది పెద్దవయసువాళ్లు పాల్గొన్నారు. సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాల చొప్పున నడిచారు. మిగతావాళ్లు ఒళ్లు సాగదీసే కసరత్తులు చేశారు. ఏడాది తర్వాత, జ్ఞాపకాలు నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం నడిచినవాళ్లలో 2 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. వయసుతో పాటు కుంచించుకుపోవలసిన భాగం అది. అయితే 2015లో వచ్చిన లైఫ్ అనే పెద్ద ప్రయోగంలో, 70 దాటిన 1,635 మందిని రెండేళ్లు చూసినా, వ్యాయామం చేసినవాళ్ల తెలివి మిగతావాళ్లకంటే మెరుగ్గా ఏమీ నిలవలేదు. ఈ రెండో సంగతి దాచి మొదటిది మాత్రమే చెప్పేవారు నాకు నిపుణులుగా కనిపించరు. నడక మంత్రం కాదు. గుండెకి, రక్తపోటుకి, చక్కెరకి, నిద్రకి అది చేసే మేలు మెదడుకీ చేరుతుంది. దానికి తోడుగా మెదడుకి కూడా పని ఉండాలని నాకు అనిపించింది.

న్యూయార్క్‌లో డాక్టర్ జో వర్గీస్ బృందం 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి, 2003లో ఫలితాలు ప్రకటించింది. శారీరక శ్రమలన్నిటిలోకీ మతిమరుపు జబ్బు తక్కువగా కనబడింది నాట్యం చేసేవాళ్లలోనే. అది చదవగానే మన మన్యం థింసా నాట్యం కళ్లముందు మెదిలింది. వీపుల వెనక చేతులు పెనవేసుకుని, డప్పు మారితే అడుగు మార్చాలి, పక్క మనిషితో కలిసి వంగాలి. కాలు, చెవి, జ్ఞాపకం, తోడు అన్నీ ఒకేసారి పనిలో ఉంటాయి.

మెదడుకి పని పెట్టేవాటిలో భాషల సంగతి మన హైదరాబాదులోనే తేలింది. నిమ్స్‌ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. సంతలో మూడు భాషలాడిన ఆ పెద్దావిడ ఇక్కడే నాకు మళ్లీ గుర్తొచ్చింది.

గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చిందీ ఇక్కడే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవరల కొండలకి వెళ్లారు. మలేరియాకి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. వినికిడి తగ్గడం మతిమరుపు జబ్బుకి పెద్ద ముప్పుల్లో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ ఇవాళ చెబుతోంది. అయినా ఆయన పని ఆపలేదు. 1863లో పుట్టిన మనిషి సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆ రెండోది వచ్చేసరికి ఆయనకి 75. ఇప్పుడు మనకి వినికిడి యంత్రాలున్నాయి. పెట్టుకోవడానికి నామోషీ పడొద్దని నా ఈడువాళ్లని బతిమాలుకుంటున్నాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కొండమీద బతుకు వ్యాయామశాల కాదు. బరువులు మోసి అరిగిన మోకాళ్లు, రక్తహీనత, జ్వరం వస్తే డోలీలో మొయ్యాల్సిన దారులు ఉన్నాయి. ఆవిడ నడకని మెచ్చుకుంటూ ఆవిడకి రోడ్డు అక్కర్లేదనుకోవడం పాపం. నేను నేర్చుకోదగ్గది నా కుర్చీలోంచి లేవడమే.

లేచాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవయసువాళ్లకి చెప్పే లెక్క వారానికి 150 నిమిషాల నుంచి 300 దాకా ఓ మోస్తరు వ్యాయామం. రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని, మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన. మొదట పది నిమిషాలకే ఆయాసం వచ్చేది, డాక్టరుకి చూపించుకుని మెల్లగా పెంచాను. ఏనుగులు తిరుగుతున్నాయని కబురొచ్చిన రోజుల్లో చీకట్లో బయల్దేరను, బాగా తెల్లారాకే నడుస్తాను. మిత్రుడొకడు తోడొస్తాడు. సవర కుర్రాడు, పక్క వీధిలో టీ కొట్టు. నడుస్తూ వాళ్ల భాషలో అంకెలు చెబుతాడు, నేను అడుగుకొకటి చొప్పున లెక్కపెడతాను. మనలా పదులతో కాదు. పన్నెండు దాకా ఒక్కో పేరు, పదమూడంటే పన్నెండూ ఒకటి. ఇరవై వచ్చాక ఇరవై కట్ట కట్టి మళ్లీ మొదలు. ముప్ఫై మూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి కలపాలి.

గట్టు ఎక్కేటప్పుడు పన్నెండు దగ్గర ఊపిరి పట్టు తప్పేది, లెక్కా తప్పేది. మొన్న సంతకి వెళ్తూ ముప్ఫై మూడు దాకా ఆగకుండా చెప్పాను. వాడు ఆగి, "ఇప్పుడు దిగేటప్పుడు వెనక్కి చెప్పు మాస్టారూ" అన్నాడు.