ఆరోగ్య పాఠము: కౌంటరు అలసట, ఇంటి బిస్కట్లు

ఆరోగ్య పత్రికలో బిస్కట్ల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. పగలంతా ఎదుటివారికి జవాబు చెప్పే ఉద్యోగాలవారు మా ఓ.పి.కి తరచుగా వస్తుంటారు. కాల్ సెంటరు పిల్లలు, బ్యాంకు కౌంటరువారు, బట్టల షాపు అమ్మాయిలు, బిల్లులు వ్రాసేవారు. తలనొప్పి, మెడ పట్టేయడము, గుండె దడ, నిద్ర పట్టకపోవడము అని చెబుతారు. డాక్టరుగారు బి.పి., రక్తము, థైరాయిడ్ అన్నీ చూసి జబ్బేమీ లేదని పంపుతారు. అప్పుడు మా సిస్టర్ల దగ్గర కాసేపు కూర్చొని అసలు సంగతి చెబుతారు. చేయని తప్పుకు రోజుకు ఎన్నిసార్లు క్షమాపణ అడిగారో చెబుతారు.

ఈ అలసటకు ఒక పేరున్నది. ఆర్లీ హోక్‌షిల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త విమానాలలో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను గమనించి 1983లో ఒక పుస్తకము వ్రాశారు. లోపల కోపమో దుఃఖమో ఉన్నా దానిని అణచుకొని, పైకి చిరునవ్వు చూపడము కూడా జీతానికి చేసే శ్రమేనని అందులో చెప్పారు. దానిని భావోద్వేగ శ్రమ అంటారు. బస్తాలు మోసినవాడికి నడుము నొప్పి అంటే అందరూ నమ్ముతారు. వీరిని మాత్రం "ఏ.సి.లో కూర్చొని మాట్లాడడమేగా" అని ఇంట్లోవారే తీసిపారేస్తారు. నర్సులమైన మాకు ఇది కొత్త కాదు. రోగి బంధువులు మీద పడి కేకలు వేస్తున్నా, చేతిలోని సిరంజి కదలకూడదు గదా!

ఒక కాల్ సెంటరు అమ్మాయి మాతో ఇలా అన్నది: "ఇంటికి పోయి బిస్కట్ల పిండి కలుపుతా సిస్టర్. అది నాకు ఎదురు చెప్పదు." మేమందరము నవ్వాము గాని, ఆ మాటలో నిజమున్నది. ఫోను పనికి చివర ఉండదు. ఒకరు పెట్టేస్తే ఇంకొకరు లైనులో ఉంటారు. ఎవరి కష్టము తీరిందో తెలియదు. బిస్కట్లు అలా కాదు. గంటలోపే పని పూర్తయి ప్లేటులో కళ్ళకు కనబడుతుంది. పంచదార ఇంత అంటే ఇంతే, నెయ్యి ఇంత అంటే ఇంతే. చేతులకు పని, ముక్కుకు యాలకుల వాసన, నోటికి విశ్రాంతి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు 658 మంది యువతీ యువకుల చేత 13 రోజులు డైరీ వ్రాయించి, 2016లో ఫలితాలు తెలియజేశారు. తమ చేతులతో, తమ ఊహతో ఏదైనా చేసిన రోజు తరువాతి రోజున వారిలో ఉత్సాహము ఎక్కువగా కనిపించింది. అల్లికలు, బొమ్మలు, క్రొత్త వంటకాలు అన్నీ అందులో ఉన్నాయి.

అయితే ఆ అమ్మాయి కథ అంతటితో ఆగలేదు. ఆరు నెలలలో ఏడు కిలోల బరువు పెరిగింది. పరగడుపున చూస్తే షుగర్ 112. 100 నుండి 125 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటాము. ఆమె వయస్సు 26. అడిగితే తెలిసింది, రాత్రి పదకొండుకు చేసిన బిస్కట్లను పొయ్యి దగ్గరే నిలబడి డజను తినేస్తున్నదట.

ఇందులో ఆమె తప్పు పట్టవలసినది లేదు. ఒత్తిడి ఎక్కువైనప్పుడు శరీరములో కార్టిసాల్ పెరుగుతుంది. తీపి, కొవ్వు పదార్థాల మీదికి మనస్సు పోతుంది. నిద్ర తక్కువైతే ఆకలి ఇంకా ఎక్కువ. ఈ క్రింద చెప్పే కొలతలతో 30 బిస్కట్లు వస్తాయి, ఒక్కొక్కదానిలో సుమారు 80 కేలరీలు. డజను అంటే 960. ఒక పూట భోజనము కన్నా ఎక్కువే. అందుకని ఆమెకు ఒకటే చెప్పాము: చేయడము మానవద్దు, రెండు తిని మిగిలినవి డబ్బాలో పెట్టి మరునాడు ఆఫీసుకు తీసుకొని పొమ్మని. ప్రక్క సీటులోనివారు కూడా అలసినవారే గదా.

ఇంకొక మాట. ఇంటికి రాగానే అన్నము, కూర, అంట్లు, పిల్లల హోంవర్కు, ఇవన్నీ ఒక్కతే చేసుకొనే తల్లికి "నీవు కూడా బిస్కట్లు చెయ్యి, హాయిగా ఉంటుంది" అని సలహా ఇవ్వడము మాకు ఇష్టము లేదు. ఆమెకు అది ఇంకొక డ్యూటీ అవుతుంది. ఆ ఇంట్లో భర్తగారో, ఎదిగిన కొడుకో పిండి కలిపితే ఆమె కుర్చీలో కూర్చొని చూడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పని వలన కలిగే తీవ్రమైన నిస్సత్తువను జబ్బుగా కాక, ఉద్యోగ సంబంధమైన స్థితిగా వర్గీకరించింది. కనుక పై అధికారులు కూడా ఆలోచించవలెను. తిట్లు తిన్న మనిషికి వెంటనే ఇంకొక ఫోను ఇవ్వక, ఐదు నిమిషాలు లేచి నీళ్ళు త్రాగనివ్వడానికి ఖర్చేమున్నది?

రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బ్రతకాలని లేదనిపించినా వంటగది చాలదు. డాక్టరును కలవండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక చేసే విధానము. మైదా 250 గ్రాములు (సగము గోధుమపిండి వేసినా బాగుంటుంది), పంచదార పొడి 100 గ్రాములు, పేరుకున్న నెయ్యి 125 గ్రాములు, అర చెంచా బేకింగ్ పౌడరు, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. రాగిపిండి కలిపితే షుగర్ వారు ఎన్నైనా తినవచ్చునని కొందరు అనుకుంటారు. అది సరికాదు, పంచదార, నెయ్యి ఎక్కడికీ పోవు. ముందుగా నెయ్యి, పంచదార కలిపి తెల్లగా నురుగు వచ్చేవరకు చేతితో గిలకొట్టండి. విసుగంతా ఇక్కడ తీర్చుకోవచ్చు. తరువాత పిండి, మిగిలినవి వేసి ముద్దగా చేయండి. చపాతీ పిండిలాగా పిసకవద్దు, గట్టిపడతాయి. పొడిపొడిగా ఉంటే ఒక చెంచా పాలు. పచ్చి పిండి రుచి చూడవద్దు, ఉడకని పిండిలో విరేచనాలు తెచ్చే క్రిములు ఉండవచ్చు.

ఉసిరికాయంత ఉండలు చేసి కొద్దిగా నొక్కి, ఎడముగా పెట్టండి. ఓవెను ఉంటే 170 డిగ్రీలలో 15 నుండి 18 నిమిషాలు. లేకపోతే దళసరి గిన్నెలో ఒక అంగుళము ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేసి, ప్లేటు లోపల పెట్టి సన్నని మంట మీద 20 నుండి 25 నిమిషాలు ఉంచండి. కుక్కరు వాడేవారు గాస్కెట్, విజిలు తప్పక తీసివేయాలి. చేయి కాలితే టూత్‌పేస్టు, సిరా పూయక 20 నిమిషాలు కుళాయి నీటి క్రింద పెట్టండి. బిస్కట్లు దించినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఉడకలేదని మళ్ళీ పెట్టవద్దు. ఆరిన తరువాతే గట్టిపడతాయి. అప్పుడు గాలి చొరని డబ్బాలో వేస్తే వారము, పది రోజులు నిలువ ఉంటాయి.