ఎయిర్ క్లీనర్‌ను పట్టించుకోకుంటే ఇంజను బోరుకే!

వేసవి దుక్కులు మొదలయ్యాయంటే ట్రాక్టర్ వెనుక దుమ్ము మబ్బులా లేస్తుంది. ఎండిన చేలో రోటవేటర్ తిప్పినా, కల్లంలో నూర్పిడి యంత్రం ఆడించినా, మట్టి బాటలో ట్రాలీ తోలినా ఇంజను పీల్చేది ఆ దుమ్ము గాలినే. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం 10 వేల లీటర్ల గాలి కావాలి. గంటకు 4 లీటర్లు తాగే ట్రాక్టర్ రోజుకు 8 గంటలు నడిస్తే 3 లక్షల 20 వేల లీటర్లకు తక్కువ కాకుండా గాలి లోపలికి పోతుంది. అందులోని ఇసుక నలుసును ఆపేది ఎయిర్ క్లీనర్ ఒక్కటే.

అది సరిగా పనిచేయకపోతే సన్నటి ఇసుక ఇంజను ఆయిల్‌తో కలిసి లైనర్లను, పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఆయిల్ తరిగిపోవడం, నీలి పొగ రావడం, లాగుడు తగ్గడం ఆ తరువాత కనిపించే లక్షణాలు. ఏళ్ల తరబడి నడవాల్సిన ఇంజను ముందే బోరుకు వస్తుంది. వాయిదాలు కట్టాల్సిన బండి అదునులో షెడ్డులో నిలబడితే కిరాయి పోతుంది, సొంత సేద్యమూ ఆగుతుంది.

ఎయిర్ క్లీనర్లు రెండు రకాలు. అడుగున నూనె గిన్నె ఉండేది ఒకటి, లోపల మడతల కాగితం ఉండేది రెండోది. రెండింటినీ ఒకే తీరుగా చూడటంతోనే నష్టం జరుగుతోంది. నూనె రకాన్ని రోజూ విప్పి చూడాలి. కాగితం రకాన్ని అవసరం లేకుండా విప్పకూడదు.

నూనె గిన్నె రకం

లోపలికి వచ్చిన గాలి గిన్నెలోని నూనెను తాకి పైకి మళ్లుతుంది. బరువైన దుమ్ము నూనెలో పడిపోతుంది. మిగిలినదాన్ని నూనెతో తడిసిన తీగ జాలీ పట్టుకుంటుంది.

* దుమ్ము పనుల రోజుల్లో 8 నుంచి 10 గంటలకు ఒకసారి చూడాలి. ఉదయం ఇంజను స్టార్ట్ చేయకముందు చూడటం మంచిది. రాత్రంతా జాలీ నుంచి నూనె కిందికి దిగి ఉంటుంది.

* గిన్నె దించి అడుగున వేలు పెట్టి చూడండి. బురద తగిలినా, నూనె చిక్కబడినా పారబోసి, గిన్నెను డీజిల్‌తో కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి.

* ఇంజనుకు వాడే రకం కొత్త ఆయిల్‌నే గీత వరకు పోయాలి. తగ్గితే దుమ్ము దాటిపోతుంది. గీత మించితే ఇంజను ఆ నూనెనే పీల్చుకుని, డీజిల్ ఆపినా ఆగకుండా పరుగందుకునే ప్రమాదం ఉంది.

* జాలీని డీజిల్‌లో జాడించి, చుక్క లేకుండా కారిపోయాకే బిగించాలి. పెట్రోలు వాడరాదు.

* పైనున్న టోపీలో పొట్టు, ఆకులు చేరితే గాలి ఆడదు. నూర్పిళ్లప్పుడు పూటకోసారి దులపాలి.

కాగితం రకం

ఇందులో బయట ఒక ఫిల్టరు, చాలా ట్రాక్టర్లలో దాని లోపల ఇంకొక చిన్న ఫిల్టరు ఉంటాయి. కాగితం మీద పలుచగా పట్టిన దుమ్ము పొర వల్ల వడపోత ఇంకా బాగుంటుందే గాని చెడిపోదు. విప్పిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలి గొట్టంలో పడుతుంది, రబ్బరు సీలు వదులవుతుంది. కాబట్టి ఎర్ర గుర్తు లేదా లైటు సూచించినప్పుడు, లేదా నల్ల పొగ వచ్చి లాగుడు తగ్గినప్పుడు విప్పితే చాలు. డబ్బా అడుగున ఉండే రబ్బరు మూతిని మాత్రం రోజూ నొక్కి దుమ్ము రాల్చాలి.

* బయటి ఫిల్టరును అరచేతికి మెల్లగా తట్టాలి. మన డ్రైవర్లు టైరుకేసి బాదుతుంటారు. అలా చేస్తే అంచులు సొట్టపడి సీలు కూర్చోదు.

* గాలి కొట్టాలంటే లోపలి నుంచి బయటికి, టైరు లెక్కలో 30 పౌండ్లు మించకుండా, పైపు మూతి దూరంగా పట్టి కొట్టాలి. పంక్చర్ షాపు మిషన్‌తో పూర్తి ఒత్తిడి పెడితే కాగితం చిల్లులు పడుతుంది.

* డీజిల్‌తో గాని, పెట్రోలుతో గాని కడగరాదు.

* చీకటి గదిలో ఫిల్టరు లోపల టార్చిలైటు పెట్టి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు వచ్చిందా, ఆ ఫిల్టరు పనికిరాదు. కొత్తది వేయాల్సిందే.

* లోపలి చిన్న ఫిల్టరును దులపడం, ఊదడం చేయరాదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చడమే.

అసలు పరీక్ష

ఏ రకమైనా సరే, ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజనుకు పోయే రబ్బరు హోసు పగిలినా, క్లిప్పు వదులైనా పై శ్రమంతా వృథా. ఇంజను ఆపి హోసు ఊడదీసి, లోపలి వైపు వేలితో తుడవండి. వేలికి దుమ్ము అంటితే వడపోతను దాటి మట్టి ఇంజనులోకి పోతోందన్నమాట. ఆ కారణం దొరికేదాకా బండి తీయకపోవడం మేలు.

మోటారు సైకిలుకు కూడా

చేల గట్ల మీద తిరిగే బండ్లలో స్పాంజి ఫిల్టరు ఉంటే సబ్బు నీళ్లలో పిసికి, మెలి తిప్పకుండా పిండి, నీడన ఆరబెట్టాలి. తరువాత కొద్దిగా ఇంజను ఆయిల్ పట్టించి, ఎక్కువైనది పిండేసి బిగించాలి. స్పాంజి చిరిగినా, పొడిపొడిగా రాలుతున్నా మార్చాలి. కాగితం ఫిల్టరైతే కడగవద్దు, గడువుకు కొత్తది వేయండి.

ఒక ఫిల్టరు ఖర్చుకు వెనుకాడితే రేపు పిస్టన్లు, లైనర్లు కొనాల్సి వస్తుంది. దుక్కులకు దిగేముందే ఒక ఫిల్టరు, కొంత ఆయిల్ ఇంట్లో తెచ్చి పెట్టుకోవడం మంచిది.