జిప్సము నీటిలో ఎంత కరుగును?

కారు చౌడు పట్టిన మడికి జిప్సము చల్లించి, ఒకటి రెండు తడులు పెట్టి, గుణము కానరాలేదని విడిచిపెట్టు పట్టాదారులు పలువురు కలరు. తరచుగా లోపము జిప్సమునందు గాక నీటి లెక్కయందుండును. మట్టిపై పడియున్న పొడి వలన మేలు లేదు. నీటిలో కరిగి లోనికి దిగిన భాగమే మట్టిరేణువులను అంటియున్న సోడియమును తొలగించి, ఆ చోట కాల్షియమును నిలుపును.

ఒక పదార్థము కొంత నీటిలో, ఒకానొక వేడిమి యందు, ఇక కరుగజాలనంతవరకు కరిగిన తూకమునకు ద్రావణీయత యని పేరు. లీటరు నీటిలో తినెడి ఉప్పు సుమారు 360 గ్రాములు కరుగగా, జిప్సము సుమారు 2.5 గ్రాములు మాత్రమే కరుగును.

దీనిని రైతు స్వయముగా కొలిచి చూడవచ్చును. బిరడా గల గాజుసీసాలో లీటరు వాన నీరు పోసి, మెత్తని జిప్సము 10 గ్రాములు తూచి వేయవలెను. బావి నీరు కూడదు; అందలి లవణములు లెక్కను తారుమారు చేయును. మూడు దినములు పలుమారులు కుదుపుచుండవలెను. అడుగున కరుగని పొడి మిగిలియుండుట అవసరము; అంతయు కరిగినచో ఆ నీరు ఇంకను ఎంత పట్టగలదో తెలియదు. పిదప, ముందే తూచి యుంచిన వడపోత కాగితముపై వడియగట్టి, మిగిలిన పొడిని కాగితముతోనే యెండలో ఆరనిచ్చి తూచవలెను. నిప్పుసెగ తగులరాదు. జిప్సము బరువులో అయిదవ వంతు నీరే గనుక, అది ఆవిరియై పోయినచో తూకము తగ్గి, ఎక్కువ కరిగినట్లు భ్రమ కలుగును. ఇందుకు కంసాలి త్రాసు వలయును. ధాన్యము తూచు కాటా కొరగాదు. ఇట్లే మరియొక సీసాను వారము దినములుంచి చూడగా అదే లెక్క వచ్చినచో కొలత సరియైనది. పొడి మెత్తనైనచో త్వరగా కరుగును గాని హెచ్చుగా కరుగదు.

ఈ పరీక్షయే సరకులోని కల్తీని కూడ బయటపెట్టును. మిగిలిన పొడిని మరల మరల క్రొత్త నీటిలో వేయుచుండగా, ఆరేడు లీటర్ల పిమ్మటను తరుగక నిలిచినది ఇసుకయో మట్టియో కావలెను. మొదటి లీటరులోనే తరుగు 2.5 గ్రాములను బాగుగా మించినచో, ఉప్పు వంటిది కలిసినదని యనుమానింపవలెను. చౌడునేలకు ఉప్పు కొని తెచ్చుట కంటె నష్టము వేరొకటి లేదు.

సురేకారము 20 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 32 గ్రాములును, మరుగు నీటిలో 240 గ్రాములకు పైగాను కరుగును. జిప్సమునకు ఈ గుణము లేదు. కావున ఎండకాలపు వేడి నీటివలన లాభమేమియు నుండదు; నీటి పరిమాణమే ముఖ్యము.

ఈ లెక్కను మడికి తెచ్చినచో, 1,000 కిలోల జిప్సము కరుగుటకు 4,00,000 లీటర్ల నీరు కావలెను. ఎకరము 4,047 చదరపు మీటర్లు గనుక, అది సుమారు 10 సెంటీమీటర్ల, అనగా 4 అంగుళముల లోతు నీరు. రెండు టన్నులకు 8 అంగుళములు. మట్టి కాల్షియమును ఎప్పటికప్పుడు గైకొనుచుండుటచే కొంత తక్కువ నీటితోను కరుగవచ్చును గాని, దానిని నమ్మి తడి తగ్గించుట మంచిది కాదు. విడివడిన సోడియమును కడిగి లోనికి దింపుటకును నీరు వలయును గదా. మడిని చదునుచేసి, గట్లు బలపరచి, జిప్సమును పైమట్టిలోనే కలిపి నీరు నిలుపవలెను. లోతు దున్ని పూడ్చరాదు. మురుగు పోవుటకు కాలువ ముందుగానే త్రవ్వించవలెను. ఎకరమునకు ఎన్ని టన్నులు వేయవలయునో మట్టి పరీక్ష వలననే నిర్ణయింపవలెను.