జైపూర్ ఆస్థాన జ్యోతిష్కులు: అర డిగ్రీ తేడాని కూడా వదలని శ్రద్ధ



ప్రతి ఏడాదీ మన ఇళ్ళల్లో వచ్చే ప్రశ్నే ఇది: ఏకాదశి ఎప్పుడు? గోడ మీది క్యాలెండర్ ఈ రోజు అంటుంది, ఫోన్‌లో యాప్ రేపు అంటుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది. ఒకరు "లెక్కలు వేసేవాళ్ళకే తెలీనప్పుడు మనకెందుకీ ఉపవాసాలు" అంటారు. ఇంకొకరు "పెద్దలు రాసింది ప్రశ్నించకూడదు" అంటారు.

ఈ రెండు మాటలూ సరికావు. ఎందుకు కావో తెలియాలంటే 300 ఏళ్ళ క్రితం ఒక రాజుగారి కొలువులో ఏం జరిగిందో చూడాలి. ఈ వారం పాఠం జైపూర్ మహారాజు సవాయి జయసింహుడి ఆస్థాన జ్యోతిష్కుల గురించి.

ఆస్థాన జ్యోతిష్కుడి పని ఏమిటి?

జ్యోతిష్కుడు అనగానే మనకి జాతకాలే గుర్తొస్తాయి. రాజుల కాలంలో ఆయన పని అంతకంటే చాలా పెద్దది. తిథి ఎప్పుడు మారుతుంది, గ్రహణం ఎప్పుడు పడుతుంది, యాగం ఏ ముహూర్తంలో మొదలవ్వాలి, ఇవన్నీ లెక్కకట్టి చెప్పాలి. ఉగాది రోజు మనం వినే పంచాంగ శ్రవణంలో ఆ పాత కొలువు సంప్రదాయం ఇప్పటికీ కొంత కనిపిస్తుంది.

మొఘల్ దర్బారులో కూడా ఈ పదవి ఉండేది. హిందూ పండితులకి "జ్యోతిషరాయ" లాంటి బిరుదులు ఇచ్చేవారు. షాజహాన్ కాలంలో నిత్యానందుడు అనే పండితుడు పారశీక ఖగోళ పట్టికలని సంస్కృతంలోకి తెచ్చాడు. అంటే భాషలు దాటి లెక్కలు పంచుకోవడం జయసింహుడికి ముందే ఉంది. ఆయన దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళాడు.

సమస్య ఎక్కడ మొదలైంది?

జయసింహుడు 1688లో పుట్టాడు. చిన్న వయసులోనే అంబర్ గద్దె ఎక్కాడు. 1727లో జైపూర్ నగరాన్ని కట్టించాడు. గోవింద దేవుడికి పరమ భక్తుడు. రాజ్యం గోవిందుడిదే, తాను ఆయన దివాన్‌ని మాత్రమే అని భావించిన రాజు. అశ్వమేధ యాగం కూడా చేయించాడు.

యాగాలు, వ్రతాలు ఇంత శ్రద్ధగా చేసే మనిషికి ఒక విషయం మనసులో ముల్లులా గుచ్చుకుంది. పుస్తకం ప్రకారం లెక్క కడితే వచ్చే సమయానికీ, ఆకాశంలో కనిపించేదానికీ తేడా వస్తోంది. సంస్కృత గ్రంథాల లెక్కలు, సమర్‌ఖండ్ పట్టికలు, అక్బర్, షాజహాన్ల కాలపు పట్టికలు అన్నీ చూశాడు. ఏదీ పూర్తిగా సరిపోలేదు. మొఘల్ చక్రవర్తి మహమ్మద్ షా పేరు మీద తయారైన "జీజ్-ఎ-మహమ్మద్ షాహీ" ముందుమాటలో ఈ సంగతి దాచకుండా చెప్పారు. మతకార్యాలూ రాజకార్యాలూ ఈ లెక్కల మీదే ఆధారపడ్డాయి కాబట్టి దీన్ని సరిచేయాలి అన్నది ఆయన ఉద్దేశం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. ఆయన శాస్త్రాన్ని పక్కన పెట్టలేదు. "తేడా ఎక్కడుందో ఆకాశాన్నే అడుగుదాం" అన్నాడు. దీనికి మన జ్యోతిష శాస్త్రంలో పాత పేరే ఉంది: దృక్తుల్యం. లెక్క కంటికి కనిపించేదానితో సరిపోవాలి అని అర్థం.

ఇత్తడి వద్దు, రాయి కావాలి

మొదట ఇత్తడి యంత్రాలు చేయించారు. అవి చిన్నవి, గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వాడగా వాడగా ఇరుసులు అరిగిపోతాయి, మధ్య బిందువు జరుగుతుంది. అందుకే రాయీ సున్నంతో, కదలకుండా, చాలా పెద్దగా కట్టాలని నిర్ణయించారు. అలా ఢిల్లీలో, తర్వాత జైపూర్, ఉజ్జయిని, కాశీ, మథురల్లో వేధశాలలు వచ్చాయి. వేధ అంటే గురిచూసి కొలవడం. ఒక్కచోట చాలదా, అయిదు ఎందుకు? ఒక ఊళ్ళో చూసినదాన్ని ఇంకో ఊళ్ళో చూసినదానితో సరిచూసుకోవడానికి. ఉజ్జయినికి ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. మన సిద్ధాంత గ్రంథాల్లో కాలం లెక్కకి మూలరేఖ ఆ ఊరి మీదుగానే వెళ్తుంది.

జైపూర్‌లో సమ్రాట్ యంత్రం దాదాపు 27 మీటర్ల ఎత్తు. ఏటవాలుగా ఉన్న పెద్ద గోడ సరిగ్గా ఉత్తర ధ్రువం వైపు చూస్తుంది. చిన్నప్పుడు ధ్రువుడి కథ విన్నాం కదా, కదలని స్థానం, ఆ స్థానం వైపే. గోడ నీడ రెండు పక్కలా ఉన్న వంపు మెట్ల మీద పడుతుంది. ఆ నీడ సెకనుకి దాదాపు ఒక మిల్లీమీటరు కదులుతుంది. ఒక్క నిమిషం నిలబడితే నాలుగు వేళ్ళ వెడల్పు జరగడం మీ కళ్ళతో చూడొచ్చు.

అక్కడికి వెళ్ళినవాళ్ళు చాలామంది చేతి గడియారం చూసి "ఇది తప్పు చూపిస్తోంది" అంటారు. తప్పు కాదండీ. అది చూపించేది జైపూర్ స్థానిక సూర్యకాలం. మన గడియారం భారత ప్రామాణిక కాలం, అంటే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క. ఆ రేఖ మన కాకినాడకి దగ్గరగా వెళ్తుంది. రెండిటికీ సుమారు 27 నిమిషాల తేడా. దానికి తోడు ఏడాదిలో సూర్యుడి నడక బట్టి మరికొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతాయి.

ఆ కొలువులో ఎవరెవరు ఉన్నారు?

మొదట చెప్పాల్సిన పేరు సమ్రాట్ జగన్నాథ పండితుడు. ఈయన్ని రసగంగాధరం రాసిన మన జగన్నాథ పండితరాయలతో కలపకండి, ఇద్దరూ వేరు. సమ్రాట్ జగన్నాథుడు వేదపండితుడై ఉండి అరబ్బీ, పారశీకం నేర్చుకున్నాడు. యూక్లిడ్ జ్యామితిని అరబ్బీ నుంచి సంస్కృతంలోకి "రేఖాగణితం" పేరుతో తెచ్చాడు. టాలమీ ఖగోళ గ్రంథం ఆయన చేతుల్లో "సిద్ధాంత సమ్రాట్" అయ్యింది.

నయనసుఖోపాధ్యాయుడు "ఉకర" అనే గ్రంథాన్ని అరబ్బీ నుంచి తీసుకొచ్చాడు. దానికి మహమ్మద్ ఆబిద్ అనే పండితుడు మూలాన్ని వివరించి చెబితే, ఈయన సంస్కృతంలో రాశాడు. గుజరాత్ నుంచి వచ్చిన కేవలరాముడికి జ్యోతిషరాయ బిరుదు దక్కింది.

జయసింహుడు ఇంతటితో ఆగలేదు. ఫాదర్ ఫిగెరెడో అనే క్రైస్తవ గురువుని పోర్చుగల్ పంపించాడు. పారిస్ ఖగోళవేత్త ల హీర్ తయారుచేసిన పట్టికలు అలా జైపూర్ చేరాయి. కేవలరాముడు వాటిని సంస్కృతంలోకి తెచ్చాడు. ఒకే కొలువులో వైదిక పండితులు, ముస్లిం విద్వాంసులు, క్రైస్తవ గురువులు కలిసి పనిచేశారు. ఎవరూ తమ ఆచారం వదులుకోలేదు. అందరికీ ఆకాశం ఒక్కటే.

అర డిగ్రీ అంటే ఎంత?

ఈ పాఠంలో అసలు విషయం ఇది. యూరప్ నుంచి వచ్చాయి కదా అని ల హీర్ పట్టికలని కళ్ళు మూసుకుని ఒప్పుకోలేదు. వాటినీ ఆకాశంతో సరిచూశారు. చంద్రుడి స్థానంలో అర డిగ్రీ తేడా, గ్రహణ సమయంలో పావు ఘడియ, అంటే 6 నిమిషాల తేడా వచ్చిందని జీజ్ ముందుమాటలో నమోదు చేశారు. సొంత గ్రంథాలకి పెట్టిన పరీక్షే బయటివాళ్ళ గ్రంథాలకీ పెట్టారు.

అర డిగ్రీ అంటే ఆకాశంలో పూర్ణచంద్రుడి వెడల్పంత. చిన్నదే కదా అనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. దానికి సగటున ఒక రోజుకి కొంచెం తక్కువ పడుతుంది. అంటే అర డిగ్రీకి దాదాపు గంట. చంద్రుడి లెక్కలో అర డిగ్రీ తప్పితే తిథి గంట ముందుకో వెనక్కో జరుగుతుంది.

ఉదాహరణకి సూర్యోదయం 6:10కి అనుకుందాం. ఒక లెక్కలో ఏకాదశి ఉదయం 5:40కి అయిపోయింది. ఇంకో లెక్కలో 6:40కి అయిపోయింది. మొదటి లెక్కలో సూర్యోదయానికి ద్వాదశి వచ్చేసింది, రెండో లెక్కలో ఇంకా ఏకాదశే ఉంది. ఉపవాసం రోజే మారిపోయింది! జైపూర్ పండితులు అర డిగ్రీ కోసం ఎందుకు అంత కష్టపడ్డారో ఇప్పుడు అర్థమైంది కదా.

మరి మన పంచాంగాల సంగతి?

మన తెలుగు నేలలో కూడా ఇదే చర్చ. పూర్వ పద్ధతి పంచాంగాలు సూర్యసిద్ధాంతం లాంటి పాత గ్రంథాల లెక్కల మీద నడుస్తాయి. వాటిలో "బాణవృద్ధి రసక్షయం" అంటారు. 60 ఘడియల తిథి అయిదు ఘడియలకి మించి పెరగదు, ఆరుకి మించి తగ్గదు అని. దృక్ పద్ధతి పంచాంగాలు ఇప్పుడు ఆకాశంలో కనిపించే స్థానాలని తీసుకుంటాయి. వాటిలో తిథి దాదాపు 50 ఘడియల నుంచి 67 ఘడియల దాకా, అంటే సుమారు 20 గంటల నుంచి 27 గంటల దాకా ఉండొచ్చు. పండగకి రెండు తేదీలు రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఎవరో అజాగ్రత్తగా రాయడం వల్ల కాదు.

ఇంకో కారణం ఊరు. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది. డాలస్‌లో ఉన్న మీ అక్క హైదరాబాద్ పంచాంగం చూసి వ్రతం చేస్తే తేదీ తేడా రావచ్చు. ఆ ఊరి పంచాంగమే చూడాలి.

తర్వాత ఏమైంది?

1743లో జయసింహుడు పరమపదించాడు. ఆ స్థాయిలో పని మళ్ళీ సాగలేదు. మథుర వేధశాల ఇప్పుడు లేనే లేదు. జైపూర్ యంత్రాలు శిథిలమైతే 1901 ప్రాంతంలో బాగుచేశారు. ఆ పనిలో జ్యోతిష్కుడు గోకుల్‌చంద్ భావన్, హిందీ రచయిత చంద్రధర్ శర్మ గులేరి ఉన్నారు. 2010లో జైపూర్ జంతర్ మంతర్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నిజాయితీగా ఒక మాట కూడా చెప్పుకోవాలి. ఆ జీజ్‌లోని నక్షత్రాల పట్టిక చాలావరకు ఉలూగ్ బేగ్ పాత పట్టికని కాలానికి తగ్గట్టు సవరించినదే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న సిద్ధాంతం వాళ్ళ లెక్కల్లో చోటు చేసుకోలేదు. కాబట్టి "అన్నీ మనవాళ్ళకి ముందే తెలుసు" అనే ఫార్వర్డ్‌లు మనకి అక్కర్లేదు. ఉన్న గొప్పతనం చాలు.

ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సినవి

1. లెక్కని ఆకాశంతో సరిచూడటం మన సంప్రదాయంలో భాగమే. అది అపచారం కాదు.

2. మీ ఇంటి సంప్రదాయం లేదా మీ గురుపీఠం ఏ పంచాంగం పాటిస్తుందో కనుక్కోండి. ఏడాదంతా దాన్నే పాటించండి. వీలుని బట్టి ఒకసారి ఇది, ఒకసారి అది చూడొద్దు.

3. పక్కింటివాళ్ళు వేరే రోజు చేసుకుంటే ఎగతాళి చేయొద్దు. వాళ్ళ లెక్క వేరు, భక్తి వేరు కాదు.

4. వచ్చే శుక్ల ఏకాదశి సాయంత్రం డాబా ఎక్కి చంద్రుణ్ణి చూడండి. పౌర్ణమికి ఇంకా ఎంత నిండాలో గమనించండి. పంచాంగంలో మాట కళ్ళముందు కనిపిస్తుంది.

పూజ రోజు సరిగ్గా ఉండాలని రాతి మెట్లెక్కి నీడలు కొలిచిన పండితుల శ్రద్ధ కూడా పూజే. మీ ఇంట్లో ఏ పంచాంగం చూస్తారో కామెంట్లలో రాయండి. వచ్చే వారం ఇంకో పాఠంతో కలుద్దాం.

శుభం భూయాత్.