మనుష్యుని లాగు గాలిపటము

సంక్రాంతి దినములలో మేడలపైనను మైదానములలోను మీరందఱు గాలిపటముల నెగురవేసియుందురు. తెలంగాణమున దీనిని పతంగి యని పిలుచుదురు. పలుచని కాగితము, రెండు వెదురుపుల్లలు, చుట్టెడు దారము: ఇంతియే దాని సామగ్రి. గాలి యెంత వీచినను ఆ పటము మిమ్ము ఉన్నచోటినుండి కదలింపజాలదు; దారమే తెగిపోవును. అయితే ఇంగ్లండు, న్యూజీలాండు మున్నగు దేశముల సముద్రతీరములందు కొంద ఱెగురవేయు పటములు వేఱొక జాతికి చెందినవి. అవి బలిష్ఠుడైన మనుష్యుని సైతము ఇసుకమీద ఈడ్చుకొని పోగలవు. ఆంగ్లమున వీనికి పవర్ కైట్లని పేరు. లాగుటయే వీని పని గావున మనము వీనిని లాగుడు పటములని యందము.

యౌవనమున ఈ వినోదము నభ్యసించి, ఉద్యోగము, సంసారము మీద పడగా మానివేసి, నడివయస్సు దాటిన పిమ్మట మరల చేపట్టువారు ఆ దేశములందు కలరు. అట్టివారు పాత పటమును అటకమీదినుండి దింపి వెంటనే గాలిలోనికి వదలరాదు. ఎందుకు వదలరాదో తెలియవలెనన్న, ఈ పటముల చరిత్రమును, అవి లాగు విధమును ముందుగా తెలిసికొనవలెను.

ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున జార్జి పోకాక్ అను ఉపాధ్యాయు డుండెను. గాలిపటములచే బండిని లాగింపవచ్చునని ఆయన తలచి, 1826వ సంవత్సరమున అట్టి బండికి పేటెంటు హక్కును సంపాదించెను. ఆ కాలమున బాటసుంకమును గుఱ్ఱముల లెక్కనుబట్టి వసూలు చేయుచుండిరి. ఈ బండికి గుఱ్ఱమే లేదు గదా! సుంకపు గేటువారు చేయునది లేక ఊరక విడిచిపెట్టవలసి వచ్చెను. ఆయన తన కుమార్తెయగు మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి, పటముతో ఆ కుర్చీని ఆకాశమున కెత్తెను. ఆ బాలిక క్షేమముగా దిగెను. తరువాతి కాలమున విఖ్యాత క్రికెట్ ఆటగాడైన డబ్ల్యు. జి. గ్రేసునకు తల్లి యయ్యెను. తండ్రి సాహసమును మెచ్చవలెనో, కూతురి ధైర్యమును మెచ్చవలెనో నాకు తోచదు. ఏమైనను మీరట్టి పనికి పూనుకొనకుడు.

పిదప, అమెరికాలో జన్మించి ఇంగ్లండున స్థిరపడిన శామ్యూల్ ఫ్రాంక్లిన్ కోడీ 1903వ సంవత్సరము నవంబరు నెలలో చిన్న పడవకు పటములను కట్టి, ఫ్రాన్సు తీరమునందలి కలే నుండి డోవరునకు సముద్రమును దాటెను. మఱుసటి నెలలోనే రైటు సోదరులు తమ విమానము నెగురవేసిరి. ఇక గాలిపటముతో ఎవ్వరికి పని? కోడీయే విమాన నిర్మాణమునకు తిరిగెను. 1913లో విమాన ప్రమాదముననే మరణించెను. లాగుడు పటము చాలకాలము మరుగున పడెను.

దానిని మరల వెలికి తెచ్చినది నైలాను గుడ్డ. 1960 తరువాత డామినా జాల్బర్టు అను నతడు పుల్లలే లేని పటమును కల్పించెను. రెండు పొరల గుడ్డను గదులు గదులుగా కుట్టి, ముందటి అంచున నోళ్లు తెఱచి విడిచెను. ఆ నోళ్లనుండి గాలి చొరగా గుడ్డ పక్షిఱెక్కవలె ఉబ్బి నిలుచును. 1990 ప్రాంతమున న్యూజీలాండు వాస్తవ్యుడు పీటర్ లిన్ మూడు చక్రముల చిన్న బండి నొకదానిని రూపొందించి ప్రచారములోనికి తెచ్చెను. కూర్చున్నవాడు పాదములతో ముందు చక్రమును త్రిప్పును. చేతులతో పటమును నడుపును. పోకాక్ స్వప్నము మరల రూపు దాల్చినది. నీటిమీదను ఈ క్రీడ వ్యాపించి, 2024లో పారిస్ ఒలింపిక్సు సందర్భమున మార్సెయి తీరమునందు పతకములకై పోటీ జరిగెను.

ఇక దాని బలమునుగూర్చి. గాలి వేగము రెట్టింపైనచో పటము లాగు బలము రెట్టింపగునని మీ రనుకొందురు. అట్లు కాదు, అది నాలుగింత లగును. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో ఒక పటము 10 కిలోల బరువంత బలముతో లాగుచున్న దనుకొందము. గాలి 30 కిలోమీటర్లకు పెరిగినచో అదే పటము 40 కిలోల బరువంత లాగును. 45 కిలోమీటర్ల గాలిలో 90 కిలోలు! మనుష్యుని బరువు మాత్రము పెరుగలేదు.

మఱియొక విశేషము. గాలివైపు వీపు త్రిప్పి నిలువుడు. ఒక పెద్ద గుమ్మటమును నిలువున సగము కోసి మీ యెదుట నిలిపినట్లు భావింపుడు. పటము ఆ గుమ్మటపు లోపలి గోడమీదనే సంచరింపగలదు. ప్రక్క అంచులయందును, శిరస్సుపైనను అది మెల్లగా లాగును. తిన్నగా మీ యెదుట, నేలకు కొంచె మెత్తున నున్న చోటనే దాని బలమంతయు నున్నది. ఆ చోటుగుండ పటము వేగముగా దూసికొని పోవునపుడు, వీచు గాలికి తోడు దాని స్వంత వేగమువలన పుట్టిన గాలియు గుడ్డను తాకును. అందుచే నిలుకడగా నున్న పటముకన్న పరుగెత్తు పటము అనేక రెట్లు లాగును. నేర్పరియైన వాడు ఈ బలమును కొలిచి వాడుకొనును. అభ్యాసము తప్పినవాడు తొందరలో చేతిపిడిని తప్పుగా లాగి, పటమును ఆ మధ్యభాగముననే పడవేయును. అపుడు కాళ్లు నేలను విడుచుటయు కలదు. ముందు నడచుచున్న బాటసారికి తీగ తగిలినచో అది కత్తివలె కోయును. ఇది పరిహాసమునకు చెప్పినమాట కాదు.

కావున తిరిగి వచ్చినవాడు మొదట తన పెద్ద పటమును ప్రక్కన పెట్టి, రెండు మూడు చదరపు మీటర్ల చిన్నదానిని తీసికొనును. తీగలను పరీక్షించును. నాలుగు తీగల కొనలను ఒక మేకునకు తగిలించి, రెండవ కొనలను సమముగా లాగి చూచినచో, ఏండ్ల వాడుకవలన ఏది సాగినదో తెలియును. ఒక్క తీగ కొంచెము సాగినను పటము ఒక ప్రక్కకే మరలుచుండును. ఎండకు నీరసించిన గుడ్డ కుట్లవద్ద చినుగును గావున కుట్టు కుట్టును తడవి చూడవలెను.

పటము వెనుకటి అంచునకు కట్టిన రెండు తీగలు దానిని ఆపుటకు ఏర్పడినవి. వానిని మణికట్టులకు పట్టీలతో తగిలించుకొందురు. అపాయము తోచగానే రెండు పిడులను ఒక్కసారి వదలిన, బలమంతయు వెనుక తీగలమీద పడి, పటము ఱెక్కలు ముడిచిన పక్షివలె నేలకు దిగును. చూచుట కిది సులభమే. కాని భయపడిన చేయి మరింత గట్టిగా పట్టుకొనును గాని వదలదు. అందుచే వదలుటనే మొదటి దినమున పదిమార్లు అభ్యసింతురు.

తరువాత స్థలము. విద్యుత్తు తీగలు, రోడ్డు, విమానాశ్రయము దగ్గఱ ఉండరాదు. ఉఱుము వినబడెనా, పటమును చుట్టివేయవలసినదే. బ్రిటనునందు అనుమతి లేనిదే గాలిపటమును 60 మీటర్లకు మించిన ఎత్తున ఎగురవేయరాదు. సముద్రపు పాటు దిగి, తీరము విశాలముగా నున్నవేళ, గాలి నెమ్మదిగా సమముగా వీచుచుండగా, అతడు పటపు వెనుకటి అంచుమీద గుప్పెడు ఇసుక పోసి పరచును. మడమలు పాతుకొని పిడులను లాగును. పటము లేచి తలపై నిలుచును. దానిని కుడికి, ఎడమకు, మెల్లగా ఎనిమిది అంకె ఆకారమున త్రిప్పుచు, ఏ చోట ఎంత లాగునో చేతులకు మరల తెలియజేయును. మూడు చక్రముల బండి ఆనాడు కారులోనే యుండును.