మూడు నదుల ముంగిట

ఎల్దుర్తి నుండి మెదకునకు బయలుదేరువాడు ఎంత దూరమని అడుగును. అమెరికాలోని పిట్స్‌బర్గులో క్రొత్తగా కాపురము పెట్టువాడు మాత్రము నడుమ ఎన్ని వంతెనలు, ఎన్ని సొరంగములని అడుగవలెను. కందకుర్తిలో మంజీరయు హరిద్రయు గోదావరిని కలియు చోటు చూచినవారికి ఈ నగరపు ఆకృతి బోధపడుట కష్టము గాదు: ఉత్తరమునుండి దిగివచ్చు అలెగేనీయు, దక్షిణమునుండి వచ్చు మొనాంగహేలాయు త్రికోణాకారమగు నేలకొసన సంగమించి, ఒహాయో అను క్రొత్త పేరు దాల్చి మిసిసిపీ వైపు సాగిపోవును. ఆ త్రికోణమునందు ఆకాశహర్మ్యములున్నవి. తక్కిన ఊరంతయు కొండలమీదను లోయలలోను చెదరియున్నది. పటమున వీధియని గీచినది, తీరా పోయి చూచిన, ఇనుప కమ్మి పట్టుకొని యెక్కవలసిన సిమెంటు మెట్లవరుస కావచ్చును. అట్టి మెట్లదారులు 700కు మించి కలవు. కావున ఇల్లు చూడబోవునాడు చుట్టుప్రక్కల కాలినడకనే తిరుగుడు. మంచు కురిసిన ఉదయమున ఆ వాలులో కారు నిలుచునా యని యోచింపుడు.

1950లో నగరజనసంఖ్య 6,76,806. ఉక్కు కర్మాగారములు ఒకటొకటిగా మూతపడి, పనివాండ్ర కుటుంబములు వలసపోగా, 2020 నాటికి అది 3,02,971కి దిగినది. అయినను శివారులతో గూడిన మహానగరప్రాంతమున అదే యేట సుమారు 23 లక్షల 70 వేలమంది కలరు. ఈ భేదమును మనవారు తెలిసికొనక చిక్కులు పడుదురు. నగరమున్న ఒక్క అలెగేనీ కౌంటీలోనే 130 పురపాలకములు కలవు. చిరునామాలో పిట్స్‌బర్గని యున్నంత మాత్రమున ఇల్లు నగరములో ఉన్నదని నమ్మరాదు. నగరవాసి తన జీతముపై స్థానికపు పన్ను నూటికి 3 చొప్పున కట్టును. శివారు ఊళ్లలో పెక్కింట అది 1 మాత్రమే. పిల్లల బడియు ఆ హద్దును బట్టియే మారును. మన ఊరి శివారు ఎచట తీరునో మునుపు పట్వారీ నడిగినట్లు, అద్దెకాగితముపై సంతకము చేయక పూర్వమే పురపాలకమేదని విచారింపుడు.

తూర్పు శివారగు మన్రోవిల్‌లో దిగినవారికి పెన్‌హిల్స్ కొండవాలున 1970ల దశాబ్దిలో వెలసిన శ్రీవేంకటేశ్వరుని తెల్లని గోపురము చేరువ. కాని నగరములోని కొలువునకు పోవునపుడు స్క్విరల్‌హిల్ సొరంగపు ముఖమున ప్రతి బండియు వేగము తగ్గించును గనుక, అరగంట ముందుగా బయలుదేరుట మేలు.

వచ్చిన మొదటి ఆదివారమున, 1877లో మొదలైన డుకేన్ ఇన్‌క్లైన్ అను వాలురైలెక్కి కొండకొమ్మునకు పొండు. మూడు నదులును కాళ్లక్రింద కనబడును. పటము విప్పి, ఇల్లు ఏ నదికి ఏ ప్రక్కనున్నదో, కొలువు ఏ వంతెనకు అవతలనున్నదో అచటనే గుర్తించుకొనుడు.